మూతమోత ఎవరిది?

జూన్ 4

చెల్లీ,

నీకు ఫోను చేస్తే అవతల్నుంచి "ఎవరూ? కాస్త గట్టిగా!" అన్న కేక తప్ప ఇంకేమీ దక్కదు కాబట్టి కలం పట్టుకున్నాను. నా అక్షరాలు చూసి నవ్వకు. మూడో తరగతిలో నన్ను బడి మానిపించింది ఎందుకో తెలుసు కదా. నువ్వు నాన్న కార్ఖానాలో కొలిమి వైపు పరిగెడుతున్నావు, నిన్ను పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేనయ్యాను. నువ్వేమో పది దాకా చదువుకున్నావు. సరేలే, ఇప్పుడెందుకు అవన్నీ.

బుజ్జి క్షేమంగా చేరానని చెప్పింది. అయినా నువ్వు రాయి. అది అన్నీ బాగున్నాయనే చెబుతుంది. రైల్లో కిటికీ పక్కన కూర్చుందట. చెవులకి గాలి తగిలి ఉంటుంది. చెవుల సంగతి నీకు నేను చెప్పాలా, ఆ సుత్తుల మోతలో కాపురం చేసి నీవి పోగొట్టుకున్నావు. దాని అమ్మ ఆస్పత్రిలో నర్సు డ్యూటీలంటూ ఊళ్ళు మారుతుంటే పాలు తాగే వయసు నుంచీ దాన్ని నేనే పెంచాను. ఇప్పుడు ఉద్యోగం మీ ఊళ్ళో వచ్చింది కాబట్టి నీ దగ్గర పెట్టాను. పెట్టానంటే ఇచ్చేశానని కాదు. ముందే అనుకోవడం మంచిది.

దానికి తడితలతో పడుకునే అలవాటుంది, తిట్టాలి. మీ మెట్ల మీద దీపం లేదని పోయినసారి వచ్చినప్పుడే చూశాను, ఏదో ఒకటి చెయ్యండి. గ్యాసు కట్టేశావా అని దాన్ని అడుగు. కట్టేశానంటే నమ్మకు, వెళ్ళి చూడు.

దాని పనేమిటో నాకు సరిగ్గా బోధపడలేదు. నిఘంటువు ఆఫీసట. మాటలు పోగుచేసి, ఏ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో రాస్తారట. "మాటలకి కూడా పుట్టిళ్ళుంటాయా?" అని అడిగాను. "ఉంటాయి అమ్మమ్మా. హంగామా ఉంది చూడు, అది పారసీ నుంచి వచ్చి మన దగ్గర కాపురం పెట్టింది" అంది. ఏమో తల్లీ. కూర్చుని చేసే పనేనా, నిలబడి చేసేదా, అది కనుక్కుని రాయి. నాకు ఆ దిగులే.

ఇంకొకటి, ఏమీ అనుకోకు. నువ్వు దాన్ని "పిట్టా" అని పిలుస్తున్నావట. ఫోనులో నవ్వుకుంటూ చెప్పింది. దానికి బుజ్జి అని ఒక ముద్దుపేరు ఉంది. అది చాలు.

మరిదిగారిని అడిగానని చెప్పు.

నీ అక్క


జూన్ 12

అక్కా,

నీ ఉత్తరం మీ మరిది నాకు చదివి వినిపించబోయి, నాలుక కరుచుకుని నా చేతికిచ్చాడు.

పిల్ల బాగుంది. పిల్ల చెవులు బాగున్నాయి. తల ఆరబెట్టుకునే పడుకుంటోంది. గ్యాసు కట్టేసే ఉంది. మెట్ల మీద దీపం పెట్టించాం. కూర్చుని చేసే పనే, పైన ఫ్యాను కూడా ఉంది. ఇంకేమైనా మిగిలిందా?

పిట్ట అని ఎందుకంటున్నానంటే, నాతో మాట్లాడాలంటే అది ఎదురుగా చేరి నోరంతా తెరిచి, ఒక్కో మాటా విడదీసి అంటుంది. గూట్లో పిట్టపిల్ల నోరు తెరిచినట్టే ఉంటుంది. పెదాలు చూసి అంతా పట్టేస్తున్నాను. మీ మరిది ఇన్నేళ్ళ కాపురంలో నా ఎదురుగా నిలబడి ఒక్క మాట ఇలా చెప్పిన పాపాన పోలేదు. గోడతో చెప్పినట్టు అటు తిరిగి చెబుతాడు.

ఒక విశేషం. ఆఫీసులో పెద్దావిడ కొత్తవాళ్ళందరికీ ఒక పని ఇచ్చింది. ఇంట్లో వాడే మాట, పుస్తకాల్లో లేని మాట, ఒకటి తేవాలి. దాని అర్థమేమిటో, అది ఎలా పుట్టిందో రాయాలి. బాగున్నవాటిని చిన్న పుస్తకంగా వేస్తారు, హాల్లో జనాన్ని పిలిచి చదివిస్తారు. పిట్ట తల పట్టుకుని కూర్చుంటే నేనే అన్నాను, "మూతమోత ఉందిగా!" అని. ఎగిరి గంతేసింది. "చిన్నప్పట్నుంచీ అంటున్నాను, అది మనింటి మాటేనని నాకు తట్టనే లేదు చిన్నమ్మమ్మా" అంది. సందడి అంటే చాలదట, సందడి కాస్త మెత్తన. గోల అంటే కుదరదట, గోలలో సంతోషం ఉండాలని ఏమీ లేదు. మూతమోతకి చప్పుడూ ఉండాలి, సంతోషమూ ఉండాలి, పైగా ఇంట్లో ఉన్న ప్రతివాళ్ళూ చేతికి దొరికింది వాయించాలి. అదే ఇలా విడమరిచి చెబుతుంటే నాకే ఆశ్చర్యమేసింది.

నాన్న కార్ఖానా సంగతి మొత్తం రాసుకుంది. గంగాళాలకి మూతలు చేశాక ఒక్కోదాన్నీ తాడుకి వేలాడగట్టి చెక్కసుత్తితో కొట్టి చూసేవాళ్ళమనీ, గట్టిదైతే ఖంగుమంటుందనీ, ఎక్కడైనా పగులుంటే చచ్చినట్టు డబ్‌మంటుందనీ చెప్పాను. పెద్ద ఆర్డరు పూర్తయిన రోజు మూతలన్నీ ఒక్కసారే వేలాడదీస్తే వీధి దద్దరిల్లేదనీ, ఆ చప్పుడు నుంచే మాట వచ్చిందనీ రాసింది.

మొన్న దాని ఉద్యోగం ఖాయమని కాగితం వచ్చింది. ముగ్గురం వంటింట్లో నిలబడి మూతమోత చేశాం. నేనెంత గట్టిగా కొట్టానో నాకేం తెలుస్తుంది? కింది వాటావాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చారు, ఏదో కూలిందనుకుని.

నీ చెల్లి


జూన్ 20

చెల్లెలికి,

ఉద్యోగం ఖాయమైన రోజు నేనేం చేస్తున్నానో చెప్పనా? కిటికీ దగ్గర కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతున్నాను. షాపాయన మూట పంపాడు, అన్నీ తెల్లచొక్కాలే, వేలికి సూది గుచ్చుకుంటే మరక పడుతుందేమోనని ఊపిరి బిగబట్టి కుడుతున్నాను. అప్పుడు బుజ్జి ఫోను చేసి ఖాయమైంది అంది. నేను "తిన్నావా?" అన్నాను. "తిన్నాను" అంది. అంతే. మీరు ముగ్గురూ వంటింట్లో వాయించుకున్నారని నాకు చెప్పలేదు. నేను ఉడుక్కుంటానని దానికి తెలుసు. నీకూ తెలుసు. తెలిసీ కింది వాటావాళ్ళు ఎలా పరిగెత్తుకొచ్చారో కూడా రాశావు.

అది పోనీ. నిన్న బుజ్జి తాను రాసింది ఫోనులో చదివింది. అర్థం బాగా రాసింది, పిల్ల తెలివైంది, ఎవరు పెంచారు మరి. ఆ తరవాత పుట్టుక దగ్గరికి వచ్చింది. "మొట్టమొదటి మూతమోత మా చిన్నమ్మమ్మ పుట్టిన రోజున జరిగింది" అని చదివింది. నా చేతిలో గుండీ జారి మంచం కిందికి పోయింది. ఇప్పటికీ దొరకలేదు.

ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్న సంగతి చెబుతున్నాను విను. నేను నాన్నకి అన్నం తీసుకెళ్ళి కొలిమి తిత్తి ఊదుతున్న రోజుల్లో నాన్న నాతో చెప్పాడు. "నువ్వు పుట్టిన రోజు పెద్ద ఆర్డరు మూతలన్నీ వేలాడదీసి పరీక్ష చేస్తున్నాం. ఆడపిల్ల అని కబురొచ్చింది. పరీక్ష అయిపోయినా ఒక్కడూ సుత్తి దించలేదు. ఆడవాళ్ళు ఇళ్ళల్లోంచి గిన్నెల మూతలు పట్టుకొచ్చారు. ఆ రోజే ఎవరో మూతమోత అన్నారు. ఆ మాట నీతో పుట్టింది" అన్నాడు. తరవాత నా తల నిమిరి, "చెల్లికి చెప్పకు, చిన్నది, ఏడుస్తుంది" అన్నాడు. నేను చెప్పలేదు. నీ పెళ్ళిలో చెప్పలేదు, మనిద్దరం అమ్మ చీరల దగ్గర పోట్లాడుకున్నప్పుడు కూడా చెప్పలేదు. నా చదువు నువ్వు తీసుకున్నావు, నాన్న కార్ఖానా నీకూ నీ మొగుడికీ పోయింది, నేనేమైనా అన్నానా? ఈ ఒక్క మాట నాది అనుకుని ఊరుకున్నాను.

నువ్వు పుట్టినప్పుడు నాకు నాలుగేళ్ళు. నాకు బాగా గుర్తు. ఎవరూ ఏమీ వాయించలేదు. నాకు అన్నం పెట్టడం కూడా మరిచిపోయారు.

బుజ్జితో చెప్పి మార్పించు.

అక్క


జూన్ 29

అక్కా,

నాలుగేళ్ళ పిల్లకి అన్నం పెట్టలేదన్నది తప్ప ఇంకేం గుర్తుంటుంది?

నాన్న నీతో ఏమన్నాడో నాకు తెలియదు. నాతో ఏమన్నాడో చెబుతాను. నాకు జ్వరం వచ్చి కార్ఖానా అరుగు మీద పడుకోబెట్టినప్పుడు, తడిగుడ్డ నుదుటి మీద వేస్తూ చెప్పాడు. "నువ్వు పుట్టావని తెలిసి సుత్తి దించిన మనిషి లేడు. ఆ రోజు పుట్టిందే మూతమోత. అక్కకి మాత్రం అనకు, అది ఉడుకుబోతు" అన్నాడు. నేనూ అనలేదు. పెద్దదానివని, నన్ను ఎత్తుకుని తిప్పావని గౌరవం ఉంచాను. మొన్న పిల్ల అడిగితే, ఇంక మనం ఎన్నాళ్ళుంటాం, చెబితే ఏమవుతుందిలే అని చెప్పాను.

నాన్న అబద్ధం చెప్పేవాడు కాదు. అంటే మనిద్దరిలో ఒకరు కల్పిస్తున్నారు. అది నేను కాదు.

నా చదువు, నా కార్ఖానా అని లెక్క తీశావు. నీకు కూతురుంది, మనవరాలుంది. నాకెవరున్నారు? నీకు చెవులున్నాయి. పక్కింట్లో ఏ పిల్లకి పెళ్ళి కుదిరినా, ఎవరి ఇంట్లో ఎవరు నవ్వినా నీకు వినిపిస్తుంది. నాకు ఆ మోత ఎలా ఉంటుందో కూడా ఈమధ్య సరిగ్గా గుర్తు రావడం లేదు. మూత మీద అరచెయ్యి పెడితే చేతికి జుమ్మంటుంది, అంతే నాకు దక్కేది. ఆ మాట ఒక్కటి నాదనుకుంటే అది కూడా నీకే కావాలి.

నేను మార్పించను.

చెల్లి


జూలై 6

చెల్లెలికి,

నన్ను అబద్ధాలకోరు అన్నావు. ఉడుకుబోతు అన్నది నాన్న కాదు, నువ్వే అన్నావు, నాన్న పేరు పెట్టి. నాన్న నన్ను ఎన్నడూ అలా అనలేదు.

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. లేచి తలుపు గడియ చూస్తాను, పొయ్యి చూస్తాను, మళ్ళీ పడుకుంటాను. బుజ్జి నీ ఎదురుగా కూర్చుని నోరు తెరిచి మాట్లాడుతున్నట్టే కనిపిస్తుంది. నాతో ఫోనులో మాట్లాడేటప్పుడు అది మరో పని చేసుకుంటూ మాట్లాడుతుంది. నీళ్ళు పోసుకునే చప్పుడు వినిపిస్తుంది, సంచీ సర్దుకునే చప్పుడు వినిపిస్తుంది. నాకు చెవులున్నాయి కాబట్టి అవన్నీ వినిపిస్తాయి.

నిన్న దాన్ని సూటిగా అడిగాను. "నాదని రాస్తావా, దానిదని రాస్తావా?" అని. "అమ్మమ్మా, అది మాట. చెంబు కాదు, ఎవరింట్లో ఉంటే వాళ్ళదనడానికి" అంది. నీ మాటలే అది పలుకుతోంది. నా బుజ్జి అయితే అలా అనదు.

అందుకని, అనవలసింది అనేశాను. ఆ ఆఫీసు వద్దు, ఆ ఇల్లు వద్దు, వచ్చెయ్యమన్నాను. ఎవరి దగ్గర ఉంటావో తేల్చుకోమన్నాను. నువ్వు కూడా అడ్డం పడకుండా రైలెక్కించు. దాని మంచం మీద దుప్పటి మార్చి ఉంచాను.

అక్క


జూలై 15

అక్కా,

పిల్ల వెళ్ళిపోయింది. నీ దగ్గరికి కాదు. నువ్వు కంగారు పడతావని ముందే రాస్తున్నాను, క్షేమంగానే ఉంది. ఆఫీసు వెనక సందులో ఒక గది తీసుకుంది. కింద ఇల్లుగలావిడ ఉంటుంది, పుస్తకాలకి అట్టలు కుట్టే పని చేస్తుందట, మంచిదేనట. మీ మరిది వెళ్ళి గడియలు, కిటికీలు చూసి వచ్చాడు.

నాలుగు రోజులు చూశాను. నీ ఫోను వచ్చాక అన్నం ముందు కూర్చుని కెలికేది. నేనేం తక్కువ తిన్నానా? "మీ అమ్మమ్మ మాట వినేదానివైతే విను, నాకేం" అన్నాను. చివరికి సంచీ భుజాన వేసుకుని నా ఎదురుగా నిలబడి, ఎప్పట్లాగే నోరు బాగా విప్పి చెప్పింది. నేను పెదాలు చూడకుండా తల తిప్పుకోవచ్చు. తిప్పుకోలేకపోయాను. "ఆ మాట వెనక్కి తీసుకున్నాను చిన్నమ్మమ్మా. ఆఫీసులో వేరే మాట ఇస్తానని చెప్పాను. సంతోషానికి పుట్టిన మాట కోసం మీరిద్దరూ ఇలా అయితే, అది పుస్తకంలో ఉండి ఏం లాభం? ఇంట్లో కూడా ఇంక అనను" అంది. వెళ్ళిపోయింది.

ఆ తరవాత మీ మరిది చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. మొదటిసారి నా ఎదురుగా వచ్చి కూర్చుని, నోరు విప్పి చెప్పాడు. తలెత్తకుండా చెబుతుంటే గడ్డం పట్టుకుని పైకెత్తి చూడాల్సి వచ్చింది.

"మామయ్య నాకూ చెప్పాడే."

"ఏం చెప్పాడు?"

"నేను పనిలో చేరి మొదటి మూత చేశాను. పగులుంటుందేమోనని రెండుసార్లు తడిమి చూసుకున్నాను. కొడితే ఖంగుమంది. అందరూ సుత్తులు పట్టుకుని వాయించారు. 'ఒరేయ్, నీ మూతతోనే పుట్టిందిరా ఈ మాట' అన్నాడు మామయ్య. అప్పటికి ఆ మాట నాకు కొత్త, నమ్మేశాను. అమ్మాయిలకి చెప్పొద్దన్నాడు. వదినకి గానీ నీకు గానీ తెలిస్తే బాధపడతారని ఇన్నేళ్ళూ అనలేదు."

అక్కా, ఆ మనిషి ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో ప్రతి మూతమోతకీ మూలన నిలబడి ముసిముసిగా నవ్వుతుంటే, ఏమిటో అనుకున్నాను. ఇదీ.

ఇంకెంతమందికి చెప్పాడో నాన్న.

ఇల్లు చడీచప్పుడు లేకుండా ఉంది. నాకెప్పుడూ అంతే అనుకో. ఇప్పుడు కళ్ళకి కూడా అలాగే ఉంది.

చెల్లి


జూలై 21

చెల్లీ,

ఇల్లుగలావిడ మంచిదేనట అని రాశావు. అట ఏమిటి? నువ్వు చూడలేదా? గది కింద దుకాణముందా, పై కప్పు రేకా, పక్కన ఎవరుంటారు? ఒంటరి పిల్ల. దాని అమ్మకి చెబితే డ్యూటీ మధ్యలో ఏడుస్తుందని చెప్పలేదు. నాలుగుసార్లు ఫోను చేస్తే ఒకసారి ఎత్తుతోంది. బాగున్నానంటోంది. మూతమోత అన్న మాట దాని నోట రాకుండా జాగ్రత్తగా మాట్లాడుతోంది. సందడి అంటోంది. ఆఫీసులో ఎవరికో పిల్లాడు పుడితే సందడి చేశారట. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది.

మరిదిగారి సంగతి చదివి మొదట మంటెత్తింది. తరవాత నవ్వొచ్చింది. తరవాత మళ్ళీ మంటెత్తింది. చెక్కసుత్తి పట్టుకున్న ప్రతివాడికీ నాన్న ఇదే చెప్పి ఉంటాడు. నేను ఒక్కదాన్నే అనుకున్నాను.

సరే విను. నేను ఆలోచించాను. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి నాకు వేరే దారి కనబడటం లేదు. మూతమోత నీదే. నువ్వు పుట్టిన రోజే పుట్టింది. బుజ్జికి ఈ మాటే ఫోనులో చెప్పేస్తున్నాను. నాలుగేళ్ళ పిల్లని, నాకేం గుర్తుంటుంది. దానితో మాట వెనక్కి తీసుకోవద్దని చెప్పు, పుస్తకంలో వెయ్యమను. నా పేరు లేకపోయినా ఫరవాలేదు.

ఫరవాలేదు అని రాశాను గానీ ఉంది. అయినా రాశాను.

నీ అక్క


జూలై 21

అక్కా,

నా ఉత్తరానికి జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. ఇవాళ మీ మరిదితో పిట్ట గదికి వెళ్ళాను. ఇల్లుగలావిడ నన్ను చూసి ఏదో అంది, అర్థం కాలేదు, నవ్వాను. పిట్టని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేశాను. మాట మీ అమ్మమ్మదే, పెద్దకూతురు కాబట్టి మొదటి మోత దానికే జరిగి ఉంటుంది, నాన్న జ్వరంలో ఉన్న పిల్లని ఊరుకోబెట్టడానికి నాతో ఏదో అని ఉంటాడు, నీదగ్గరున్న కాగితం మీద పెద్దదాని పేరు రాసెయ్యి అని చెప్పాను. ఇక నువ్వు సంతోషంగా ఉండు. పిల్లతో మామూలుగా మాట్లాడు.

గది శుభ్రంగా ఉంది. పై కప్పు రేకు కాదు. నువ్వు అడుగుతావని చూశాను.

చెల్లి


ఆగస్టు 2

చెల్లీ,

ముందు నేనే ఒప్పుకున్నాను. నా ఉత్తరం మీద తారీఖు చూడు. నీది కూడా ఆ తారీఖే అంటావేమో, నేను పొద్దున్నే లేచి రాశాను. నువ్వు సాయంత్రం గదికి వెళ్ళి వచ్చాక రాసి ఉంటావు. కాబట్టి ఇందులో నేనే ముందు. కనీసం ఇది నాది.

బుజ్జి నిన్న తానే ఫోను చేసింది. పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "మొన్నటిదాకా నాదంటే నాదన్నారు, ఇవాళ నీదంటే నీదంటున్నారు. ఆఫీసులో పెద్దావిడకి చెబితే ఆవిడా నవ్వి, ఈ మాట వదలొద్దు, ఇదే కావాలి అంది" అని చెప్పింది. హాల్లో చదివే రోజు చెప్పింది. ఇద్దరినీ రమ్మంది. ఇద్దరినీ అంది, ముందు నన్నే పిలిచింది.

రైల్లో నీళ్ళు తాగొచ్చా, సీసా తెచ్చుకోవాలా? మీ స్టేషనులో మెట్లు ఎత్తుగా ఉంటాయి. మరిదిగారిని స్టేషనుకి పంపు. నువ్వు రాకు, నీకు బండి హారను వినబడదు. నాకు అదొక దిగులు.

నీ అక్క


ఆగస్టు 24

చెల్లీ,

క్షేమంగా చేరాను. గుండీల మూట గుమ్మం ముందే పడేసి పోయారు, ఎవరూ ఎత్తుకుపోలేదు, నా అదృష్టం.

హాలు సంగతి మనం రైల్వే స్టేషనులో సరిగ్గా మాట్లాడుకోలేదు. నువ్వు వినలేవు, నేను జనంలో అరవలేను. అందుకని రాస్తున్నాను. బుజ్జి చదువుతున్నప్పుడు నువ్వు దాని పెదాలే చూస్తున్నావు. అంత దూరం నుంచి ఎంత అందిందో నాకు తెలియదు. చివరి ముక్క అచ్చు పుస్తకం చూసి ఇక్కడ రాసి పంపుతున్నాను: "మూతమోత: ఇంటిల్లిపాదీ చేతికందినది వాయించి చేసే సంబరం. గంగాళాల కార్ఖానాలో మూతలను కొట్టి పరీక్షించే పద్ధతి నుంచి పుట్టింది. మొదటిసారి ఎవరి కోసం జరిగిందో తెలియదు. అడిగిన ప్రతివారూ తమ కోసమే అన్నారు."

తెలియదు అని రాసిందే! మనిద్దరం ఇంత చేస్తే తెలియదు అని రాసింది. హాల్లో జనం నవ్వారు. నీకు వినబడలేదు. నేను నవ్వలేదు, మరిదిగారు మాత్రం కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తరవాత అందరూ మర్యాదగా చప్పట్లు కొట్టారు. అది మూతమోత కాదు. నా సంచీలో క్యారేజీ ఉంది, మూత కూడా ఉంది. నీ ఒళ్ళో కూడా ఉంది, చూశాను. నువ్వు మొదలుపెడతావేమోనని నేను, నేను మొదలుపెడతానేమోనని నువ్వు. పెద్దదాన్ని నేను ముందు వాయిస్తే, చూశావా తనదే అన్నట్టు వాయించింది అంటావేమోనని భయపడ్డాను. ఈలోపు వెనక వరసలోంచి మోగింది. ఎవరా అని చూస్తే ఇల్లుగలావిడ! నీళ్ళ సీసాతో డబ్బా మూత మీద టంగుటంగున వాయించేస్తోంది. "మా పిల్ల, మా పిల్ల" అని పక్కవాళ్ళకి చెబుతోంది. మా పిల్లట! నెల దాటిందో లేదో గదిలో దిగి. నేను నీ మోచెయ్యి పొడిచాను, గుర్తుందా? అప్పుడు చూడాల్సింది నీ మొహం. అంత మంట నీ మొహంలో నేనెన్నడూ చూడలేదు. నాకు హాయిగా అనిపించింది, ఇన్నాళ్ళకి మనిద్దరికీ ఒకే మనిషి మీద కుళ్ళు పుట్టింది. తరవాత నువ్వు కొట్టిన కొట్టుడికి నా చెవులు ఇంకా మూసుకుపోయే ఉన్నాయి. నేనూ కొట్టాను. ఆవిడ కంటే గట్టిగానే కొట్టాననుకుంటున్నాను.

బుజ్జి గదిలోనే ఉంటుందట. నెలకో ఆదివారం నీ దగ్గరికి, సెలవులిస్తే నా దగ్గరికి వస్తుందట. నాకు ఎక్కువ రోజులు పడతాయి చూడు, లెక్కేసుకో.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న ఎదురు వాటాలోకి కొత్తగా దిగినావిడ తలుపు కొట్టింది. చిన్న వయసే, చంకలో పాప. "పై అంతస్తులో నిన్నంతా ఏం మూతమోతండీ, మా పాప నిద్రే పోలేదు" అంది.

తలుపు పూర్తిగా తీశాను. "ఆ మాట మీకెక్కడిది?" అన్నాను.

"ఎక్కడిదేంటండీ? ఈ మెట్ల మీద అందరూ అనేదేగా. మీకు తెలీదా? మూతమోత అంటే, ఇంట్లో ఏదైనా మంచి జరిగితే గిన్నెలూ మూతలూ వాయించి గోల చేయడం" అని నాకు అర్థం చెప్పింది. నాకు!

"ఎలా వచ్చిందో ఆ మాట?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"ఎప్పుడో ఈ మేడలో ఒక ముసలావిడ ఉండేదటండీ. ఆవిడకో మనవరాలు. ఆ పిల్ల పరీక్ష పాసైనా, పాట పాడినా, జ్వరం తగ్గి లేచి కూర్చున్నా సరే, ఆవిడ ఒక్కతే మూతలు పట్టుకుని మేడ మేడంతా వినబడేలా వాయించేదట. అప్పట్నుంచి మొదలైందట ఈ మాట."

"ఆవిడ ఇప్పుడు లేదా?"

"ఎప్పటి సంగతో అండీ. ఉండి ఉండదు" అంది, పాపని భుజం మార్చుకుంటూ.

నేనేనని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. పాప ముక్కు కారుతోంది, మెట్ల మీద గాలి తగులుతోంది, లోపలికి తీసుకెళ్ళమన్నాను. తలుపేసుకుని మంచం మీద కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, ఒక్క గుండీ కుట్టలేదు.

ఇది చదివి నువ్వు ఉడుక్కుంటావని నాకు తెలుసు. ఉడుక్కో. అందుకే రాశాను.

నీ అక్క